తిరిగిరాని సొమ్ము

పరిశోధక విద్యార్థి పొద్దున ఆరింటికి హైదరాబాద్ జేబీఎస్‌లో సిద్దిపేట బస్సెక్కాడు. ఒళ్లో సంచి. సంచిలో 20 పర్సులు.

పర్సులన్నీ ఒకే రకం. లోపలున్నవి బయటికి కనిపించే ప్లాస్టిక్‌వి. ఒక్కోదాంట్లో మూడు వంద నోట్లు, ఒక తాళంచెవి, ఒక సరుకుల చిట్టీ, ఒక విజిటింగ్ కార్డు. కార్డు మీది పేరు కల్పితం. పేరు కింద ఈమెయిల్ అడ్రసు ఉంది. ఫోన్ నంబరు లేదు.

ప్రయోగం కొత్తది కాదు. అలాన్ కోన్, మరో ముగ్గురు కలిసి చేశారు. 2019లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. 40 దేశాలు, 355 నగరాలు, 17,303 పర్సులు. ఒక మనిషి బ్యాంకుకో హోటలుకో పోస్టాఫీసుకో వెళ్తాడు. కౌంటర్ దగ్గరున్నవాళ్ల చేతిలో పర్సు పెడతాడు. రోడ్డు మీద దొరికిందని, తనకు తొందరగా ఉందని చెప్పి వెళ్లిపోతాడు. వంద రోజుల్లోగా కార్డు మీది అడ్రసుకు మెయిల్ వస్తే నిజాయితీ ఉన్నట్టు. రాకపోతే లేనట్టు.

డబ్బు ఎక్కువుంటే పర్సులు తక్కువ తిరిగొస్తాయని, అడిగితే మామూలు జనం అంచనా కట్టారు. జరిగింది వేరు. 40 దేశాల్లో 38 చోట్ల ఖాళీ పర్సుల కంటే డబ్బున్నవే ఎక్కువ తిరిగొచ్చాయి. పట్టికలో స్విట్జర్లాండ్, నార్వే పైనున్నాయి. చైనా అడుగునుంది.

విద్యార్థి గైడుకు ఆ పట్టికలో ఒక లోటు కనిపించింది. ఏ దేశంలోనైనా తీసుకున్నవి పెద్ద నగరాలే. చిన్న ఊళ్ల నిజాయితీని ఎవరూ కొలవలేదు.

మనస్తత్వ శాస్త్రానికి ఈ జబ్బు పాతదే. పేరున్న పత్రికల్లో మనిషి స్వభావం గురించి వచ్చిన ప్రయోగాలను 2008లో జెఫ్రీ ఆర్నెట్ లెక్క చూశాడు. వాటిలో పాల్గొన్నవాళ్లలో 96 శాతం మంది పాశ్చాత్య పారిశ్రామిక దేశాలవాళ్లే. ప్రపంచ జనాభాలో ఆ దేశాల వాటా 12 శాతం. 2010లో జోసెఫ్ హెన్రిక్ బృందం ఆ లెక్కను ముందు పెట్టుకుని, గుప్పెడు మందిని చూసి మనిషంటే ఇంతేనని ఎలా చెబుతారని అడిగింది. గైడు ఏటా ఏదో ఒక సెమినార్‌లో ఆ ప్రశ్న అడుగుతాడు.

“మన మనుషుల్ని మనమే కొలవాలి,” అన్నాడు విద్యార్థితో.

సిద్దిపేటను ఎంచుకున్నారు. 2016లో జిల్లా కేంద్రమైన పట్టణం. రాజీవ్ రహదారి మీద పోతే మధ్యాహ్నంలోగా పని మొదలుపెట్టవచ్చు, రాత్రికి హాస్టల్‌కు తిరిగి రావచ్చు.

కొలిచే పద్ధతి మాత్రం ముట్టుకోవద్దన్నాడు గైడు. అది మారిస్తే 40 దేశాల పక్కన సిద్దిపేటను నిలబెట్టడం కుదరదు.

అడ్వాన్సు కోసం వెళ్లినప్పుడు అకౌంట్స్ సెక్షన్ గుమస్తా ఒక ఫారం ఇచ్చాడు. సంతకం చేసే గీత అడుగున లేదు, నెత్తిన ఉంది. ‘ఇందులో రాసినదంతా నిజమని ధ్రువీకరిస్తున్నాను’ అనే వాక్యం, దాని కింద గీత. ముందు సంతకం, తర్వాత వివరాలు.

“ఇదేంటి సార్, సంతకం పైన?”

“మీ గైడు గారి చలవే. పైన సంతకం పెడితే కింద అబద్ధం రాయలేరట. అమెరికాలో తేల్చారట.”

తేల్చిన మాట నిజమే. 2012లో అమెరికా జాతీయ సైన్స్ అకాడమీ పత్రికలో ఆ వ్యాసం వచ్చింది. కారు బీమా ఫారంలో ముందే సంతకం పెట్టినవాళ్లు, తిరిగిన మైళ్ల లెక్క ఎక్కువ నిజాయితీగా రాశారని అందులో ఉంది. 2021లో ఆ బీమా లెక్కలే కల్పించినవని బయటపడింది. పత్రిక వ్యాసాన్ని వెనక్కి తీసుకుంది.

విద్యార్థికి ఆ సంగతి తెలుసు. గుమస్తాకు చెప్పాడు.

“అచ్చేయించిన ఫారాలు ఇంకా రెండు బీరువాలున్నాయి బాబూ. అవి అయిపోనీ,” అన్నాడు గుమస్తా.

విద్యార్థి పైన సంతకం పెట్టి, కింద ఆరు వేలు అని రాశాడు.

సిద్దిపేటలో పని సాఫీగా జరిగింది. పాత బస్టాండు దగ్గర టీ హోటల్, సుభాష్ రోడ్డులో మందుల దుకాణం, లాల్ కమాన్ దగ్గర కిరాణం, ముస్తాబాద్ చౌరస్తాలో టిఫిన్ సెంటర్, గొల్లభామ చీరలమ్మే దుకాణం, జిరాక్స్ సెంటర్. ప్రతిచోటా ఒకటే మాట.

“రోడ్డు మీద దొరికింది. ఎవరిదో పాపం. నాకు తొందరగా ఉంది, కాస్త మీరు చూడండి.”

ప్రతిచోటా పర్సు తీసుకున్నారు. వద్దన్నవాళ్లు లేరు. టీ హోటలాయన చాయ్ తాగి పొమ్మన్నాడు. తొందరగా ఉందని అప్పటికే చెప్పి ఉండటం వల్ల తాగడానికి వీల్లేకపోయింది.

హైదరాబాద్ చేరాక విద్యార్థి రోజూ మెయిల్ చూశాడు. మొదటి వారం ఏమీ రాలేదు. రెండో నెలలో ఒకటి వచ్చింది. హామీ లేకుండా రుణం ఇప్పిస్తామని ఎవరో రాశారు. వందో రోజు రాత్రి పన్నెండింటికి లెక్క మూసేశాడు. ఇరవైకి సున్నా.

గైడుకు చూపించాడు. గైడు కుర్చీలో ముందుకు జరిగాడు.

“సున్నానా? చైనాకు కూడా సున్నా రాలేదయ్యా. ఈ పేపరు పడుతుంది.”

ఒక పని మిగిలింది. తెలియకుండా ప్రయోగంలో పాల్గొన్నవాళ్లకు, అయిపోయాక అది ప్రయోగమని చెప్పాలి. ఎథిక్స్ కమిటీ షరతు. వాళ్ల చేత ఒక కాగితం నింపించుకుని రావాలి. కాగితంలో ప్రశ్న ఒక్కటే. ‘ఈ ప్రయోగం వల్ల మీకు ఏమైనా ఇబ్బంది కలిగిందా?’

విద్యార్థి మళ్లీ బస్సెక్కాడు.

లాల్ కమాన్ దగ్గర కిరాణం సేటు చూడగానే గుర్తుపట్టాడు.

“రాండ్రి సారూ. గా పర్సు ఇచ్చింది మీరే గద. మనిషి దొరికిండా?”

“పర్సు ఉందా?”

“ఉండక యాడికి వోతది?”

సేటు గల్లాపెట్టె వెనక అరలోంచి పర్సు తీశాడు. మూడు నోట్లూ పెట్టిన మడత మీదే ఉన్నాయి. దాంతోపాటు ఒక చిన్న సంచి తీసి కౌంటర్ మీద పెట్టాడు. సంచిలో రెండు ప్యాకెట్లు. ఒకటి బ్రెడ్డు. ఒకటి సేమ్యా.

“ఇదేంటి?”

“చిట్టీల రాసున్నయే గద సారూ.”

పర్సు మామూలు మనిషిదేనని నమ్మించడానికి అసలు ప్రయోగంలోనూ సరుకుల చిట్టీ పెట్టారు. ఇక్కడి చిట్టీ గైడు ఇంగ్లీషులో రాసిచ్చాడు. విద్యార్థి తెలుగులోకి ఎక్కించాడు. పాలు, బ్రెడ్డు, పాస్తా, అరటిపండ్లు.

“పర్సు వోయినాయిన సరుకులకే బజారొచ్చిండు గావచ్చు అనుకున్న,” అన్నాడు సేటు. “ఇయ్యాల గాకుంటె రేపన్న వస్తడని గా దినమే కట్టిపెట్టిన. పాలు ఇరిగినయ్, పారబోసిన. అరటిపండ్లు ఇంట్ల పిల్లలు తిన్నరు. బ్రెడ్డు పాడైనప్పుడల్ల మార్చుకుంట వచ్చిన. పాస్తా అంటె ఏందో తెల్వలె. సేమ్యా వెట్టిన.”

“మరి డబ్బులు?”

“ఏం డబ్బులు?”

“సరుకులవి. పర్సులోంచి తీసుకోలేదా?”

“ఆయిన లేంగ ఆయిన పైసలు ఎట్ల దీస్త?”

విద్యార్థి కార్డు చూపించాడు. దీనికి మెయిల్ ఎందుకు పంపలేదని అడిగాడు. సేటు కార్డును కళ్లకు దూరంగా పట్టుకుని చూశాడు.

“దీని మీద ఫోన్ నంబరు లేదు. ఉంటె అప్పుడే కొట్టేటోణ్ని. పేరు వట్టుకోని వచ్చినోళ్లనల్ల అడిగిన. గా ఇంటిపేరోళ్లు ఈడ లేరు, దుబ్బాక దిక్కు ఉండచ్చన్నరు. ఆడికి గూడ కబురు వంపిన.”

విద్యార్థి పర్సు కోసం చెయ్యి చాపాడు. సేటు పర్సును తన వైపు లాక్కున్నాడు.

“మీది గాదు గద సారూ. రోడ్డు మీద దొరికిందని మీరే చెప్తిరి.”

విద్యార్థి ప్రయోగం సంగతి చెప్పాడు. సేటు అంతా విన్నాడు. పర్సు మీద చెయ్యి తియ్యలేదు.

“మీదే అయితె గీ తాళంచెవి దేనిదో చెప్పుండ్రి.”

విద్యార్థి దగ్గర జవాబు లేదు. ఆ తాళంచెవికి తాళం లేదు. జుమ్మేరాత్ బజార్‌లో పాత సామాన్ల కుప్పలోంచి ఏరుకొచ్చినవి అవి.

ఎథిక్స్ కమిటీ ఉత్తరం తీసి ఇచ్చాడు. ఇంగ్లీషులో ఉంది. సేటు లోపలికి కేకేశాడు. డిగ్రీ చదివే బిడ్డ వచ్చి చదివింది.

“బాపూ, మనం నిజాయితీ గలోళ్లమా కాదా అని చూసిండ్రంట.”

“ఎవలు?”

“ఈ సారోళ్లు.”

“మరి గా కార్డు మీది మనిషి?”

“లేడంట. ఉత్త పేరంట.”

సేటు బ్రెడ్డు ప్యాకెట్ వైపు చూశాడు.

“లేనోని కోసమా ఇన్ని దినాలు బ్రెడ్డు మార్చిన?” అన్నాడు. తర్వాత అడిగాడు. “మరి ఏం తేలింది సారూ?”

“లెక్కలు ఇంకా చూడాలి,” అన్నాడు విద్యార్థి.

సేటు ఖాతా పుస్తకం తీసి పేజీలు వెనక్కి తిప్పాడు. పర్సు వచ్చిన తారీఖు కింద రాసి ఉంది. ‘దొరికిన పర్సు. పైసలు 300. వచ్చినోళ్లకు ఇయ్యాలె.’ నోట్లు విద్యార్థి చేత లెక్కపెట్టించాడు. ఆ వరుస కిందే ‘ముట్టినవి 300’ అని రాసి పుస్తకం అతని వైపు తిప్పాడు. విద్యార్థి అడుగున సంతకం పెట్టాడు.

సరుకుల డబ్బు ఇవ్వబోతే సేటు తీసుకోలేదు.

“మీరు రాసింది పాస్తా. నేను వెట్టింది సేమ్యా. బేరమే గాలె.”

కమిటీ కాగితంలో ఇబ్బంది ఏమైనా కలిగిందా అన్న చోట ‘లేదు’ అని బిడ్డ చేత రాయించాడు.

టీ హోటల్లో పర్సు గల్లా పైన మేకుకు వేలాడుతోంది. పొగకు ప్లాస్టిక్ పసుపెక్కింది. ఈ మధ్యలో హోటల్ చేతులు మారింది. పాత ఓనరు స్టవ్, బెంచీలు, గ్లాసులు అప్పజెబుతూ పర్సును కూడా లెక్కలో అప్పజెప్పి పోయాడు.

మందుల దుకాణం అతను పోలీస్ స్టేషన్‌లో ఇచ్చి, ఇచ్చినట్టు రాయించుకున్న కాగితం దాచాడు. విద్యార్థి స్టేషన్‌కు వెళ్లి, ఐడీ కార్డు చూపించి తెచ్చుకున్నాడు.

జిరాక్స్ సెంటర్ కుర్రాడు కార్డు మీది పేరు కప్పేసి, పర్సు ఫోటో తీసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టాడు. ఫోటో గజ్వేల్, చేర్యాల, హుస్నాబాద్ దాకా పోయింది. కొందరు ఫోన్ చేసి పర్సు తమదేనన్నారు. పేరేంటని కుర్రాడు అడిగితే పెట్టేశారు.

చీరల దుకాణం ఆవిడ పర్సును దేవుడి పటం వెనక పెట్టింది. కమిటీ కాగితంలో ప్రశ్న ఆమెకు చదివి వినిపించాడు.

“ఇబ్బంది అంటె, తాళంచెవిదే సారూ,” అంది. “పైసలు వోతె వోయినయ్. తాళంచెవి లేక ఆ రాత్రి ఇంట్లకు ఎట్ల వోయిండో అని రెండు మూడు దినాలు మనసు వట్టలె.”

తాళంచెవి పెట్టింది అందుకే. దాని విలువ పోగొట్టుకున్నవాడికే తప్ప దొరికినవాడికి ఉండదు. పరాయి మనిషి కష్టం మనసుకు పడుతుందా లేదా తెలుసుకోవడానికి అసలు ప్రయోగంలోనూ అదే పెట్టారు. పట్టిందని మెయిల్ వస్తే ఎక్కించుకోవడానికి పట్టికలో గడి ఉంది. నోటితో చెబితే ఎక్కించుకోవడానికి లేదు. విద్యార్థి ‘స్వల్పంగా’ అని రాసుకున్నాడు.

చీకటి పడేసరికి 19 పర్సులు సంచిలో చేరాయి. ఏ పర్సులోనూ నోటు తగ్గలేదు. అందరూ ఒకటే అడిగారు, ఫోన్ నంబరు ఎందుకు లేదని.

ఇరవయ్యోది దొరకలేదు. టిఫిన్ సెంటర్‌లో అప్పుడు గల్లా మీద కూర్చున్న కుర్రాడు పని మానేసి పోయాడు. పర్సు సంగతి ఓనరుకు తెలియదు. తెలిశాక తన గల్లాలోంచి మూడు వందలు తీసి ఇవ్వబోయాడు. విద్యార్థి తీసుకోలేదు.

బస్టాండు నుంచి గైడుకు ఫోన్ చేశాడు.

“సార్, 19 ఉన్నాయి. డబ్బుతో సహా.”

“మెయిల్ వచ్చిందా?”

“రాలేదు.”

“మరింకేం?”

“చైనాలోనూ ఇలాగే అయింది కదా సార్. అక్కడి వాళ్లు పది నగరాల్లో మళ్లీ చేసి 2023లో అచ్చేశారు. మెయిళ్లు తక్కువే. పోయి చూస్తే దాదాపు 78 శాతం పర్సులు భద్రంగా ఉన్నాయి. మెయిల్ వాడని చోట మెయిల్‌తో కొలిస్తే...”

“అది వాళ్ల పేపరు, వాళ్ల కొలత. ఫలితం వచ్చాక మనం కొలత మారిస్తే దాన్నేమంటారు? మోసమంటారు. పరిశోధనలో నిజాయితీ ముఖ్యమయ్యా.”

విద్యార్థి మాట్లాడలేదు.

“ఇంకొకటి,” అన్నాడు గైడు. “నువ్వు పోయి తెచ్చుకున్నావు. వాళ్లు తిరిగిచ్చారని ఎలా అంటావు?”

పట్టిక 3లో సిద్దిపేట పక్కన సున్నా పడింది. పేపరు పత్రికకు వెళ్లింది.

వారం తర్వాత విద్యార్థి 5,700 కవరులో పెట్టుకుని అకౌంట్స్ సెక్షన్‌కు వెళ్లాడు. మిగిలిన సొమ్ము కట్టేస్తానని, చలానా రాయమని అడిగాడు. గుమస్తా ప్రాజెక్టు ఫైలు తెరిచి రిపోర్టు తిరగేశాడు. పట్టిక 3 దగ్గర ఆగాడు.

“తిరిగొచ్చినవి సున్నా అనుంది.”

“అవును సార్.”

“మరి ఈ 5,700 ఎక్కడివి?”

“తిరిగొచ్చినవే.”

గుమస్తా కళ్లద్దాలు తీసి టేబుల్ మీద పెట్టాడు.

“చూడు బాబూ. రిపోర్టులో రాలేదంటావు. చలానాలో వచ్చిందంటావు. రేపు ఆడిట్ వాళ్లు రెండిట్లో ఏది అబద్ధమని అడిగితే నేనేం చెప్పను? రిపోర్టు మార్చుకుని రా, ఇప్పుడే చలానా రాస్తా.”

“రిపోర్టు వెళ్లిపోయింది సార్.”

“అయితే సొమ్ము రాలేదు. నష్టం కింద రాసెయ్.”

“మరి ఈ డబ్బు?”

“ఏ డబ్బు?” అన్నాడు గుమస్తా.

విద్యార్థి కాసేపు నిలబడ్డాడు. కవరు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

గుమస్తా బీరువాలోంచి ఫారం తీసి ఇచ్చాడు. విద్యార్థి పైనున్న గీత మీద సంతకం పెట్టాడు. తర్వాత కింద నింపాడు.

‘పర్సులు: 20. తిరిగి వచ్చినవి: 0. నష్టం: రూ. 6,000. కారణం: స్థానికుల్లో నిజాయితీ లేకపోవడం.’